మౌత్‌వాష్ రోజూ రెండు పూటలా వాడుతున్నా చిగుళ్ళ నుంచి రక్తం ఎందుకొస్తోంది?

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్ళకీ అర్థం కావాలి కదా. బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉంటున్నారు. ఆరు నెలల కిందట బ్రష్ చేస్తుంటే రక్తం కనబడిందని మందుల షాపులో అడిగితే ఒక మౌత్‌వాష్ చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ పొద్దున బ్రష్ చేసిన వెంటనే ఒకసారి, రాత్రి ఒకసారి పుక్కిలిస్తున్నారు. 99.9 శాతం క్రిములు చస్తాయని ప్రకటనల్లో చూశారు. అయినా రక్తం ఆగలేదు, మధ్యాహ్నానికల్లా నోరు వాసన, ఇప్పుడు కొత్తగా కింది పళ్ళ మీద గోధుమరంగు మరకలు. మీ రూమ్మేటేమో అది మంచి బ్యాక్టీరియాని కూడా చంపేస్తుంది, పారెయ్ అంటున్నాడు. ఇదీ సంగతి.

సూటిగా చెప్పేస్తాను. మౌత్‌వాష్ ముఖ్యంగా చంపేది నోట్లో తేలుతున్న బ్యాక్టీరియాని. మీ చిగుళ్ళని తినేస్తున్నది పళ్ళకి అంటుకుని కూర్చున్న బ్యాక్టీరియా. దాన్ని గీకి తియ్యాల్సిందే, పుక్కిలిస్తే పోదు. మీ రూమ్మేట్ చెప్పింది సగం నిజం. మీరు రాసిన లేబుల్‌ని బట్టి మీరు వాడుతున్నది 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందు, అది ఆరు నెలలు వాడే సరుకు కాదు, మామూలుగా రెండు వారాల మందు. ఈ రోజే ఆపెయ్యండి, ఏమీ కాదు.

ఇక ఎందుకో చెప్తాను. నేను జయనగర్‌లో ఇరవై ఏళ్ళ పైనుంచీ చిగుళ్ళ వైద్యమే చేస్తున్నాను, మాది హిందూపురం వైపు, నా దగ్గరికొచ్చేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే. వారానికి ఇద్దరు ముగ్గురైనా ఇదే సీసా, ఇదే ప్రశ్నతో వస్తారు.

తెలుగులో దీనికి రెండు మంచి మాటలున్నాయి, పాచి, గార. మేం కాలేజీలో ప్లాక్, క్యాల్‌క్యులస్ అని నేర్చుకున్నాం గానీ మా అవ్వకి ఆ తేడా ముందే తెలుసు. పాచి మెత్తన, గోటితో గీకితే తెల్లగా వస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే లాలాజలంలోని సున్నపు లవణాలు పట్టి కొన్నాళ్ళకి గట్టిపడుతుంది, అదే గార. గార మీద బ్రష్షే పనిచెయ్యదు, నీళ్ళలాంటి మందు ఏం చేస్తుంది.

ఈ పాచి ఏమిటో అర్థం కావాలంటే మీ పీజీ బాత్రూంలో బకెట్ లోపలి అంచు మీద వేలు పెట్టి చూడండి. జారుడుగా ఉంటుంది. ఎన్ని చెంబుల నీళ్ళు కుమ్మరించినా ఆ జారుడు పోదు, ఫినాయిల్ పోసినా పై పై వాసన మారుతుందంతే. కొబ్బరి పీచు పెట్టి ఒక్కసారి రుద్దితే పోతుంది. పళ్ళ మీదా అదే జరుగుతుంది. బ్యాక్టీరియా ఒంటరిగా ఉండదు, పంటి మీద లాలాజలం పొర ఒకటి నిమిషాల్లోనే ఏర్పడుతుంది, దానికి మొదట కొన్ని రకాలు అతుక్కుంటాయి, వాటి మీద ఇంకొన్ని, ఇవన్నీ కలిసి జిగురు లాంటి పదార్థాన్ని స్రవించి దాని లోపల ఇళ్ళు కట్టుకుంటాయి. మనం తిన్న చక్కెరని కూడా ఆ జిగురు తయారీకి వాడుకుంటాయి. అలా గూడు కట్టుకున్న బ్యాక్టీరియాని చంపాలంటే విడిగా తేలేదాన్ని చంపే మోతాదుకి చాలా రెట్లు కావాలి, కొన్ని పరీక్షల్లో వెయ్యి రెట్ల దాకా. అంత మందు నోట్లో పోసుకుంటే ముందు మన చర్మం ఊడుతుంది.

ఇదేం కొత్తగా కనిపెట్టింది కాదండి. 1680లలో హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి, తను అరగదీసి చేసుకున్న అద్దాల కింద తన పళ్ళ పాచినే పెట్టి చూశాడు. చిన్న చిన్న జీవాలు గిలగిలా తిరుగుతున్నాయి. వెనిగర్‌తో పుక్కిలించి మళ్ళీ చూశాడు, పాచిలోవి బతికే ఉన్నాయి. అదే పాచిని బయటికి తీసి వెనిగర్‌లో కలిపితే చచ్చాయి. అంటే మందుకి చంపే శక్తి లేక కాదు, లోపలికి పోయే దారి లేక. మూడున్నర శతాబ్దాల కిందటే ఒక బట్టల వ్యాపారికి తెలిసిపోయింది, మనం ఇంకా సీసాలు కొంటున్నాం.

మరి ఆ 99.9 శాతం మాటేమిటంటే, అలాంటి లెక్కలు ఎక్కువగా ల్యాబులో వస్తాయి, ద్రవంలో తేలుతున్న బ్యాక్టీరియాలో మందు కలిపి అర నిమిషం తర్వాత లెక్కపెడతారు. అబద్ధం కాదు, కాకపోతే అది మీ నోరు కాదు. పోనీ నోట్లోనూ అదే నిజమనుకుందాం. ఒక మిల్లీలీటరు లాలాజలంలో సుమారు పది కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. 99.9 శాతం చచ్చినా ఇంకా లక్ష మిగులుతుంది, మిల్లీలీటరుకి. అవి మళ్ళీ పెరగడం మీ ఆఫీసు బస్సు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటేలోపే కాకపోయినా, లంచ్ దాకా కూడా ఆగదు. మీకు మధ్యాహ్నం వాసన రావడానికి ఇదో కారణం.

నేను క్లినిక్‌లో ఒకటి చేసి చూపిస్తాను, నమ్మనివాళ్ళకి. కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు తెచ్చుకున్న మౌత్‌వాష్‌తోనే, నా ఎదురుగా, గడియారం చూస్తూ ఒక నిమిషం పుక్కిలించమంటాను. ఉమ్మేశాక పాచికి పట్టే గులాబీ రంగు మందు దూదితో పళ్ళకి రాసి, నీళ్ళతో కడిగించి అద్దం చేతికిస్తాను. మొన్న ఒకబ్బాయి, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, అద్దంలో చూసుకుని కాసేపు మాట్లాడలేదు. ముందు పళ్ళ మధ్యభాగం శుభ్రంగానే ఉంది, చిగురు అంచు వెంబడి మాత్రం గోరింటాకు పెట్టినట్టు ఎర్రటి గీత, పన్నుకీ పన్నుకీ మధ్య సందుల్లో ఇంకా ముదురు. కింది పళ్ళ లోపలివైపైతే మొత్తం అదే. అప్పుడు ఒక మెత్తటి బ్రష్ ఇచ్చి, చిగురు అంచు మీద ఏటవాలుగా పెట్టి మెల్లగా కదపమన్నాను. పది సెకన్లలో ఆ నాలుగు పళ్ళూ తెల్లబడ్డాయి. రక్తం కూడా వచ్చింది, వాచిన చోట వస్తుంది మరి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, రక్తం వచ్చే చోట బ్రష్ పెట్టడం మానేస్తారు, అక్కడే పాచి పేరుకుంటుంది, ఇంకా రక్తం వస్తుంది.

1965లో హెరాల్డ్ లో అనే నార్వే డాక్టరు, డెన్మార్క్‌లో పనిచేస్తూ, పన్నెండు మంది చేత పళ్ళు తోమడం మాన్పించి చూశాడు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక ఓ వారానికల్లా తగ్గాయి. మీ రక్తం సంగతి కూడా దాదాపు ఇంతే, గార లేకపోతే. ఉంటే మాత్రం అది తీయించుకోకుండా తగ్గదు, ఆరు నెలలంటున్నారు కాబట్టి ఉండే ఉంటుంది.

అయితే క్లోర్‌హెక్సిడిన్‌ని తీసిపారేయడం కూడా అన్యాయం. మా దగ్గరున్న పుక్కిలింత మందుల్లో దాన్ని మించింది లేదు. మిగతావి ఉమ్మేశాక వెళ్ళిపోతాయి, ఇది పళ్ళకీ బుగ్గ లోపలి చర్మానికీ పట్టుకుని పన్నెండు గంటల దాకా కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. ఇందాక చెప్పిన ఆ నార్వే డాక్టరే, ఇంకొకాయనతో కలిసి, 1970లో చూపించింది ఏమిటంటే, బ్రష్ మానేసినవాళ్ళు కూడా దీంతో రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే కొత్త పాచి పెద్దగా కట్టలేదు. ఇక్కడ కొత్త పాచి అన్నది గమనించండి. శుభ్రం చేసిన పంటి మీద కొత్తగా కట్టకుండా ఆపడంలో అది గట్టిది, ఇప్పటికే కట్టి ముదిరినదాని మీద కాదు. అందుకే చిగుళ్ళకి ఆపరేషన్ చేసినప్పుడు, పన్ను పీకినప్పుడు, దవడ విరిగి తీగ కట్టినప్పుడు, అంటే బ్రష్ పెట్టలేని రోజుల్లో రాస్తాం. చేతులు వణికే పెద్దవాళ్ళకి, క్యాన్సర్ మందులు పడుతున్నవాళ్ళకి కూడా రాస్తాం, డాక్టరు చూస్తూ ఉంటే.

పొద్దున బ్రష్ చేసిన వెంటనే వాడుతున్నానన్నారు కదా, అదింకో తప్పు. పేస్టులో నురగ వచ్చేందుకు వేసే సోడియం లారిల్ సల్ఫేట్‌కి రుణావేశం, క్లోర్‌హెక్సిడిన్‌కి ధనావేశం, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని మందు పనికిరాకుండా పోతుంది. కనీసం అరగంట ఎడం ఉండాలి. అంటే ఆరు నెలల్లో పొద్దున పూట డోసుల్లో చాలావరకు సింక్ పాలే.

మా తప్పులు కూడా చెప్పాలి. ప్రాక్టీస్ పెట్టిన కొత్తలో నేను ఎవరికి స్కేలింగ్, అంటే గార గీకి తీయడం, చేసినా చీటీ చివర క్లోర్‌హెక్సిడిన్ రాసేవాణ్ణి, రోజుకు రెండుసార్లు అని రాసి, ఎన్నాళ్ళో రాసేవాణ్ణి కాదు. కడప నుంచి కొడుకు దగ్గరికొచ్చిన ఒక పెద్దావిడ అలా ఏడాది పైనే వాడింది. అయిపోయినప్పుడల్లా కొడుకు అదే చీటీ చూపించి తెచ్చేవాడట. మళ్ళీ వచ్చినప్పుడు నవ్వితే పళ్ళు కాఫీ డికాషన్ రంగు. "పప్పులో ఉప్పు ఎంత వేసినా తెలీట్లేదు బాబూ, కోడలు చప్పగా వండుతోందనుకున్నా" అంది. పాపం ఆ కోడలు ఏడాదిపాటు మాట పడింది. రుచి మారడం, ముఖ్యంగా ఉప్పు తెలియకపోవడం, ఈ మందుకి మామూలే, ఆపితే తిరిగొస్తుంది. ఆ రోజు నుంచీ చీటీ మీద ఆపాల్సిన తారీఖు రాసి గుండ్రంగా చుట్టి ఇస్తున్నాను.

ఇప్పుడు మీ రూమ్మేట్ మాట. నోట్లో ఏడు వందలకి పైగా జాతుల బ్యాక్టీరియా దొరికింది, అంటే అందరిలోనూ అన్నీ ఉంటాయని కాదు. వాటిలో హాని చేసేవి కొన్నే. పుచ్చు తెచ్చేవాటిలో పేరున్నది స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, చక్కెర తిని ఆమ్లం కక్కుతుంది. చిగుళ్ళ లోపల గాలి తగలని చోట పెరిగేవి పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, దాని తోటి రెండు మూడు. మిగతావాటిలో చాలావరకు మన కాపలాదారులే. స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్ అని ఒకటి ఉంది, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ వదిలి మ్యూటన్స్‌ని అదుపులో పెడుతుంది. కాపలావాళ్ళు పోతే చోటు ఖాళీగా ఉండదు, ఫంగస్ లాంటివి కూడా వచ్చి చేరొచ్చు.

ఇంకోటి చాలామందికి తెలియదు. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ తింటాం కదా, వాటిలో నైట్రేట్ ఉంటుంది. దాన్ని నైట్రైట్‌గా మార్చే పని మన శరీరానికి సరిగ్గా రాదు, నాలుక వెనకభాగంలో ఉండే బ్యాక్టీరియా చేసిపెడుతుంది. మింగాక అదే నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి రక్తనాళాలని వదులుచేస్తుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పంతొమ్మిది మంది ఆరోగ్యవంతులు ఏడు రోజులు క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలిస్తే బీపీ 2 నుంచి 3.5 పాయింట్లు పెరిగింది. 2020లో ఇంకో దాంట్లో, అదే వారం వాడకానికి లాలాజలం మరింత పులిసింది, అంటే ఆమ్లం పెరిగింది, బ్యాక్టీరియా రకాలు తగ్గాయి. ప్యూర్టో రికోలో బరువెక్కువ ఉన్నవాళ్ళని మూడేళ్ళు గమనిస్తే, రోజుకు రెండుసార్లో అంతకన్నా ఎక్కువో ఏదో ఒక మౌత్‌వాష్ వాడేవాళ్ళలో షుగరు, షుగరుకి ముందు దశ వచ్చే అవకాశం 55 శాతం ఎక్కువ కనిపించింది. ఈ చివరిదాన్ని మాత్రం అలా అని పట్టుకోకండి. అది గమనించి రాసిన లెక్క, మౌత్‌వాష్ వల్లే వచ్చిందని రుజువు చేసింది కాదు, నోరు బాగోనివాళ్ళే మౌత్‌వాష్ ఎక్కువ వాడుతుండవచ్చు. బీపీ అధ్యయనం కూడా చిన్నది. కాబట్టి టెన్షన్ పడి ఈసీజీ తీయించుకోనక్కర్లేదు. ఒక బలమైన మందుని కారణం లేకుండా నెలల తరబడి వాడొద్దు అనడానికి ఇవి చాలు, అంతవరకే.

నోట్లో మంట పుట్టించే మౌత్‌వాష్‌ల గురించి కూడా కొందరు అడుగుతుంటారు. థైమాల్, యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, ఈ నాలుగు నూనెల రకం, లిస్టరిన్ అలాంటిదే. అది 1879లో పుట్టింది ఆపరేషన్లకి వాడే యాంటీసెప్టిక్‌గా, బ్రిటిష్ సర్జన్ జోసెఫ్ లిస్టర్ పేరు పెట్టి. నోటి వాసన మందుగా ఊళ్ళేలింది 1920ల ప్రకటనలతో. బ్రష్షుకి తోడుగా వాడితే పాచి, వాపు కొంత తగ్గుతాయి, అది నిజమే. మంట పుడితేనే పనిచేస్తున్నట్టు అనుకోవడం మాత్రం భ్రమ, చాలావరకు అది ఆల్కహాలు, ఆ నూనెల ఘాటు. నోరు ఎండిపోయేవాళ్ళు, అంటే షుగరు ఉన్నవాళ్ళు, రకరకాల మాత్రలు మింగేవాళ్ళు, ఆల్కహాలు ఉన్నది వాడితే ఇంకా ఎండుతుంది, ఎండిన నోరే ఎక్కువ వాసన వేస్తుంది. ఆయిల్ పుల్లింగ్, అంటే నూనెతో పుక్కిలించడం, గురించి అడిగేవాళ్ళకి: చేసుకోండి, మింగకండి, బ్రష్ మానకండి. ఉప్పునీళ్ళు గోరువెచ్చగా పుక్కిలిస్తే వాపుకి హాయిగా ఉంటుంది, పాచిని మాత్రం తియ్యదు.

వాసన విషయానికొస్తే, ఎక్కువ మందికి అది నోట్లోంచే వస్తుంది, కడుపులోంచి కాదు. నాలుక వెనక మూడో వంతులో, చిగుళ్ళ సందుల్లో ఉండే గాలి అక్కర్లేని బ్యాక్టీరియా ప్రోటీన్లని కుళ్ళబెట్టి గంధకం వాయువులు వదులుతుంది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన అదే. మన ఇళ్ళలో రాగి నాలుక బద్ద ఎప్పటినుంచో ఉంది, పీజీకి రాగానే ఎందుకు వదిలేస్తారో నాకర్థం కాదు. కొంచెం వెనక నుంచి ముందుకి నాలుగైదుసార్లు లాగండి, వాంతి వచ్చేటంత లోపలికి కాదు.

మీరు చెయ్యాల్సింది ఇదీ. ఈ వారంలో ఒక డెంటిస్టు దగ్గర స్కేలింగ్ చేయించుకోండి. ఖర్చు గురించి వెనకాడితే విక్టోరియా ఆసుపత్రి దగ్గర ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, కాస్త లైను ఉంటుంది, పని బాగుంటుంది. పళ్ళు అరిగిపోతాయని భయపడొద్దు, గార పోయాక సందులు కనబడతాయి, అవి ముందునుంచీ ఉన్న సందులే. ఆపైన రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాలు, మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచు మీద. పళ్ళ మధ్యకి ఫ్లాసు, సందులు పెద్దవైతే సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్. పేస్టు నురగ ఉమ్మెయ్యండి, నీళ్ళతో గలగలా కడిగెయ్యకండి. ఫ్లోరైడ్ పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దగ్గర, అంటే పది లక్షల్లో వెయ్యి వంతులు, ఉంటుంది, ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో 225 దగ్గర, బ్రష్ చేసిన వెంటనే మౌత్‌వాష్ పోసుకుంటే ఎక్కువ ఉన్నదాన్ని తక్కువ ఉన్నదానితో కడిగేసినట్టు. అంతగా నోరు తాజాగా ఉండాలనిపిస్తే ఆల్కహాలు లేని ఫ్లోరైడ్ రకం మధ్యాహ్నం భోజనమయ్యాక వాడుకోండి, పళ్ళకి క్లిప్పులు ఉన్నవాళ్ళకి, తరచూ పుచ్చు వచ్చేవాళ్ళకి అది నిజంగానే మంచిది. ఆరేళ్ళలోపు పిల్లలకి మాత్రం వద్దు, మింగేస్తారు.

స్కేలింగ్ అయి, ఇలా సరిగ్గా తోముతూ రెండు వారాలైనా రక్తం ఆగకపోతే ఊరుకోకండి. షుగరు పరీక్ష చేయించండి, చిగుళ్ళ లోతు కొలిపించండి. ఆరోగ్యంగా ఉన్న చిగురుకి పన్నుకీ మధ్య సందు మూడు మిల్లీమీటర్లలోపు. అయిదు, ఆరు ఉంటే ఎంత పుక్కిలించినా మందు ఆ అడుగుకి చేరదు, లోపల శుభ్రం చేయాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడే పెద్దవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, కొందరికి ఆ మాత్ర వల్ల కూడా చిగుళ్ళు ఉబ్బుతాయి. మాత్ర మీరే ఆపెయ్యకండి, రాసిన డాక్టర్‌తో చెప్పండి.

ఇక ఆ గోధుమ మరకలు. అవి పంటి లోపలివి కావు, పైన పట్టినవే. క్లోర్‌హెక్సిడిన్, పైన టీ కాఫీల రంగు, రెండూ కలిసి పట్టాయి. స్కేలింగ్ తర్వాత చేసే పాలిషింగ్‌లో పోతాయి. యూట్యూబ్ చూసి నిమ్మకాయ, సోడా ఉప్పు, బొగ్గుపొడి పెట్టి రుద్దకండి, మరకతో పాటు ఎనామిల్ కూడా పోతుంది, అది మళ్ళీ రాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సీసా కూడా పట్టుకెళ్ళండి, ఎంత శాతమో, ఎన్నాళ్ళు వాడారో వాళ్ళు అడుగుతారు.